బొంగురు గొంతు కథానాయిక

వయసు పెరిగితే మనిషి మెత్తబడతాడంటారు. నా విషయంలో అది అబద్ధం. దేశంకాని దేశం వచ్చి, హెండర్సన్ అనే పేటలో చదువుకుంటూ అద్దె గదిలో ఉన్న ఆ రోజుల్లో పడ్డ మాట ఒకటి ఇప్పటికీ తారీఖుతో సహా గుర్తుంది (తారీఖు చెప్పను, చెబితే ఆ అంకుల్‌కీ గుర్తొస్తుంది). ఊరికి అవతలి చివరనున్న పాపకూర అనే పేటలో మా తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమానికి యాంకరింగ్ చేస్తానని ఉత్సాహంగా వెళ్తే, సంఘం సెక్రటరీ అంకుల్ నన్ను రెండు ముక్కలు మాట్లాడించి, "గొంతు జర బొంగురుగుంది బిడ్డా, మైకుకు పనికిరాదు. ప్లేట్లు అందియ్యి" అన్నారు.

అలిగి ఇంటికొస్తే మా ఓనరమ్మ టీ ఇచ్చింది. ఆవిడ జర్మన్. వాళ్ల నాయనమ్మకు అక్క ఒకప్పుడు మూకీ సినిమాల్లో పేరున్న నటి అట. సినిమాకు మాట రాగానే స్టూడియోవాళ్లు ఆమెను మైకు ముందు నిలబెట్టి, గొంతు బొంగురుగా ఉందని ఇంటికి పంపేశారట. ఆమె నాటకాల్లో చేరి, ఆ బొంగురు గొంతుతోనే పాడి హాళ్లు నింపితే, అదే స్టూడియో కారు పంపి మరీ పిలిపించుకుందట. చివరికి రోజులు చెడి దేశం విడిచి, పరాయి ఊళ్లో ముసలిదయ్యాక కూడా గిన్నెలు కడుగుతూ అవే పాటలు పాడేదట. ఇంతకన్నా దగ్గరి చుట్టం నాకెవరున్నారు? ఆమె కథనే ఏకపాత్రాభినయం చేస్తానని అంకుల్ వెంటపడ్డాను. సన్మానానికీ భోజనాలకూ మధ్య కాస్త ఖాళీ ఉందని, నా పోరు పడలేక ఒప్పుకున్నారు.

ఓనరమ్మ పాత కోటు తొడుక్కుని వేదికెక్కాను. మూకీ భాగమంతా సైగలతో నడిపాను. ఎవరో ఆవలించారు (ఎవరో నాకు తెలుసు). ఇక టాకీ వచ్చింది. మైకు పట్టుకుని నోరు తెరిచానో లేదో అంకుల్ వచ్చి లాక్కున్నారు. "ఒక్క నిమిషం బిడ్డా. తెల్ల కారు ఎవరిదో జర తియ్యుండ్రి, బిర్యానీ వ్యాన్ లోపలికి వస్తలేదు." అని ఆ మైకుతోనే బయటికి నడిచారు. బిర్యానీ మాట వినగానే హాలంతా లేచింది.

నటి స్టూడియోవాళ్లను అనాల్సిన మాట నా నోట్లో ఆగి ఉంది. దాన్ని హాలు మీదకే వదిలాను. "కూర్చోండి. నా గొంతు పనికిరాదన్నవాళ్లు విన్నాకే ఎవరైనా కదిలేది."

కూర్చున్నారు. మైకు లేకుండానే, ఓనరమ్మ నేర్పిన ఆ నటి పాట చివరిదాకా పాడాను. వెనక వరుసలో ఓనరమ్మ కళ్లు తుడుచుకుంది.

అంకుల్ మెల్లగా లోపలికొచ్చారు. "నీకు మైకెందుకు బిడ్డా, పార్కింగ్ దాక ఇనవడ్డది. ఆ తెల్ల కారాయన భయపడి తీసిండు." క్షమాపణ అనుకుని నేను మెత్తబడబోతుండగా, "ఇగ నుంచి కార్ల సంగతి నువ్వే చూస్కో" అన్నారు.

అప్పటినుంచీ ప్రతి ఉగాదికీ (ఇక్కడ ఉగాదికి ఎండ కాదు, వాన) వానలో గొడుగు పట్టుకుని పార్కింగ్‌లో నిలబడి కార్లను అరిచి కదిలించేది నేనే. ఆ నటికి స్టూడియో కారు పంపింది, నాకేమో కార్లన్నీ అప్పగించారు. ఈ అన్యాయం నేను మరవను. కాకపోతే మొన్న లోపల ఒక చిన్నపిల్ల వచ్చీరాని తెలుగులో పద్యం చదువుతుంటే బిర్యానీ వ్యాన్ వచ్చింది. నేను బయటే ఒక్క కేక వేస్తే అడ్డున్న కార్లు కదిలాయి. పిల్ల చేతిలోని మైకు పిల్ల చేతిలోనే ఉంది. పద్యం అయ్యేదాకా తలుపు దగ్గర తడుస్తూ విన్నాను. దాని గొంతూ కాస్త బొంగురే.