మార్కరు మౌలాలి కుడికన్ను

ఓడిపోవడానికి జీతం తీసుకునే మనిషిని నేను ఆదోనిలోనే చూశాను. వెనకటికి రాజులతో చదరంగం ఆడే కొలువుగాళ్ళు కూడా ఇదే పని చేసి తల కాపాడుకునేవారట. అది వేరే కథ, మరొకప్పుడు చెప్పుకోవచ్చు. టెన్నిస్ క్లబ్బుల్లో ఈ ఉద్యోగిని మార్కరు అంటారు. సభ్యులతో ఆడాలి, ఆటను చివరిదాకా లాగాలి, ఆఖర్న ఒక్క పిసరు తేడాతో ఓడాలి. మరీ చిత్తుగా ఓడితే సోమరి అంటారు. గెలిస్తే పొగరుబోతు అంటారు.

మౌలాలిది ఎమ్మిగనూరు, మగ్గాలవాళ్ళ ఇల్లు. బళ్ళారి క్లబ్బులో బంతులు ఏరుతూ ఆట పట్టాడు. మద్రాసులో మార్కర్లకు పెట్టిన పోటీల్లో పేరున్నవాళ్ళను ఓడించాడు. అక్కడ గెలిచినందుకే ఆదోని పత్తి మిల్లులవాళ్ళ క్లబ్బు అతన్ని డెబ్బై రెండులో పిలిచి, ఓడిపోవడానికి పెట్టుకుంది. కోర్టు వెనక ఒక గది ఇచ్చింది. అక్కడి నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది కనుక కోర్టుకు ఎర్రమట్టి తోలించారు. రోజూ పొద్దున్నే దానిమీద పేడనీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీయడం కూడా మౌలాలి పనే.

డెబ్బై ఏడులో ఒక పొద్దున ఆ గీత వంకర పోయింది. భార్య చాంద్ బీ చూసి నవ్వింది. అతను నవ్వలేదు. ఎడమకన్ను మూసి చూశాడు. నెట్టు లేదు, అవతలి గోడ లేదు. పాలు ఒలికినట్టు తెలుపు మాత్రం ఉంది.

"ఆసుపత్రికి పోయి సూపిచ్చుకో," అంది చాంద్ బీ.

"డాక్టరు సారు క్లబ్బు మెంబరే. పొద్దున సూపిచ్చుకుంటే సాయంత్రానికి గది ఖాళీ చేయమంటారు."

"దాచిపెడితే కన్నొస్తాదా?"

"రాదు. గది ఉంటాది."

ఆనాటినుంచి భయం కూడా అతనితోపాటే కోర్టులోకి దిగేది. సాయంత్రం మొదటి కారు చప్పుడు వినగానే చేతిలో పని వదిలి లేచి నిలబడేవాడు. కుడివైపు వచ్చే బంతిని చప్పుడునుబట్టి అందుకోబోయేవాడు. బ్యాటుకు తరచుగా గాలే తగిలేది. అయిపోయింది, పట్టుబడ్డాను అనుకునేవాడు. అవతలినుంచి క్లబ్బు సెక్రటరీ అయిన వకీలు మధుసూదనరావు చెమట తుడుచుకుంటూ, "ఏమప్పా మౌలాలీ, మర్యాద జాస్తి అయితాంది నీది," అనేవాడు.

మౌలాలి నిజమైన ఓటమిని కూడా అందరూ పాత ఓటమే అనుకున్నారు. ఆ చాటున మూడేళ్ళు దాగాడు. మసీదులో దువా చేసేటప్పుడు కూడా కంటిమాట పెదవిమీదికి రానిచ్చేవాడు కాదు, పక్కవాడు వింటాడని.

ఎనభైలో బళ్ళారినుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. కాలేజీలో చాంపియనట. ఆదోనిలో ఆటగాడే లేడన్నాడు. సెక్రటరీకి రోషం వచ్చింది.

"రేపు ఆ ఆఫీసరుతో నువ్వు ఆడల్ల," అన్నాడు మౌలాలితో. "రేపు మర్యాదలొద్దు. గెలవల్ల."

"ఓడేది అలవాటైపోయింది సామీ."

"నా దగ్గర ఓడుదువులే. ఆయప్ప దగ్గర గెలువు."

ఆ రాత్రి మౌలాలి అన్నం సగంలో వదిలి లేచాడు. "ఎమ్మిగనూరుకు పోదాం పా. మగ్గముంది కదా," అంది చాంద్ బీ.

"మగ్గానికి కండ్లొద్దా?" అన్నాడు.

మర్నాడు కోర్టు చుట్టూ కుర్చీలు వేశారు. మొదటి సర్వీసు కుడివైపు వచ్చింది. మౌలాలి కదల్లేదు. రెండోది చెవి పక్కనుంచి పోయింది.

"సూడండప్పా, పిల్లి ఎలకను ఆడిచ్చినట్ల ఆడిస్తాండాడు," అన్నాడు జిన్నింగు మిల్లు బసన్న. కుర్చీలన్నీ నవ్వాయి. బంతి మౌలాలికి కనిపించలేదని అక్కడివాళ్ళకు తెలియదు.

మూడోది నేరుగా వచ్చి చెంపకు తగిలింది. నవ్వులు ఆగిపోయాయి.

నీళ్ళ చెంబుతో ముందుగా పరిగెత్తింది సెక్రటరీయే. ముఖంలోకి చూసి, అనుమానమొచ్చి, కుడికంటి ముందు రెండు వేళ్ళు పెట్టాడు. "ఎన్ని?"

మౌలాలి తల పూర్తిగా తిప్పి ఎడమకంటితో చూశాడు. జవాబు అక్కడే దొరికింది.

"ఎప్పట్నుంచి?"

"మూడేండ్లాయె సామీ."

మధుసూదనరావు ముఖంలో నెత్తురు లేదు. మద్రాసులో గెలిచినవాణ్ణి తాను ఓడిస్తున్నానని అతను తోటి వకీళ్ళందరికీ చెప్పుకుని ఉన్నాడు.

"అంటే నేను గెల్సిందంతా..."

"ముందు మర్యాద సామీ. తర్వాత కన్ను."

"నోరు మూసుకో," అన్నాడు వకీలు మెల్లగా. లేచి, కుర్చీల వైపు తిరిగి గొంతు పెంచాడు. "మోకాలు పట్టేసిందంట, అందుకే కదల్లేకపోయినాడు. ఇంక మౌలాలి ఆడడు. రేపట్నుంచి మన పిల్లోళ్ళకు నేర్పిస్తాడు. కోచ్."

అలా మార్కరు కోచ్ అయ్యాడు. గది నిలిచింది. బంతి చప్పుడు వింటూనే పిల్లల తప్పులు చెప్పేవాడు, బాగానే నేర్పాడు. భయం మాత్రం పోలేదు. అది కంట్లోంచి కాల్లోకి దిగింది. మోకాలికి గుడ్డ కట్టుకుని కుంటడం నేర్చుకోవాల్సి వచ్చింది. డాక్టరు సారు, "ఏదీ, ఆ మోకాలు ఒకసారి సూడనీ," అన్న ప్రతిసారీ ఏదో పని చెప్పి తప్పుకునేవాడు. ఎనభై ఆరులో నేను ఆ గదిలో టీ తాగాను. నాలుగు కొట్టింది, బయట కారు ఆగిన చప్పుడైంది. మౌలాలి గ్లాసు కింద పెట్టి లేచాడు. చాంద్ బీ గడపదాకా వెంట వెళ్ళి, ఎవరికీ వినపడకుండా అంది:

"ఎడమకాలు. మర్సిపోవద్దు, ఎడమది."