కవరు లేని తిండి కోసం జైపూరు దాకా

బుధవారం సాయంత్రం నాలుగూ పదికి నాకు మొదటిసారి భయం వేసింది. సిరి బడి నుంచి వచ్చి బూట్లు విప్పి కూర్చుంది. అప్పుడే పెనం మీద నుంచి తీసిన చపాతీని ప్లేటులో పెట్టి ఇచ్చాను. అది చపాతీని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అమ్మా, దీని కవరేది?" అంది.

నేను నవ్వాను. సిరి నవ్వలేదు. "కవరు లేంది నేను తినను" అని ప్లేటును రెండు వేళ్లతో దూరంగా నెట్టింది. మూడేళ్ల మిన్ను అక్కను చూసి తన ప్లేటూ నెట్టి, "కవరు!" అంది. నా చేతిలోని అట్లకాడ అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ల పిల్ల అన్నం ముద్ద మింగి ఎన్నాళ్లయింది? విరేచనానికి వెళ్లి ఎన్నాళ్లయింది? లెక్క పెడితే అయిదు రోజులు.

ఈ కవర్లను ఇంట్లోకి తెచ్చింది నేనే. గోదావరిఖనిలో మా క్వార్టరు ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. పొద్దున తుడిచిన కిటికీ పట్టీ మీద పది గంటలకు వేలితో పేరు రాయొచ్చు. ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. సిరి పుట్టినప్పటి నుంచీ నేను పట్టుకున్న సూత్రం ఒకటే: మూసి ఉన్నదే శుభ్రం. పక్కింటి అక్క పళ్లెంలో సకినాలు పెట్టిస్తే మొహమాటంగా తీసుకుని, పిల్లలకు పెట్టేదాన్ని కాదు. బిస్కట్లు, చిప్సు, రెండు నిమిషాల నూడుల్సు, కేకు, డబ్బా జ్యూసు, అన్నీ యంత్రం సీలు వేసినవే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన తల్లిని కదా, మా క్వార్టర్ల లైన్లో నా అంత జాగ్రత్త ఎవరికీ లేదనుకునేదాన్ని.

గురువారం డాక్టరు సిరి పొట్ట నొక్కి చూశారు. గట్టిగా ఉంది. రెండు నెలల కింద రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ రాసింది ఆయనే. ఇప్పుడు ఇంకో సిరప్ రాశారు. "టానిక్ మోతాదు తగ్గిద్దాం. సిరప్ మాత్రం ఆపొద్దమ్మా. సోమవారం దాకా చూద్దాం. మెత్తబడకపోతే కరీంనగర్‌లో చేర్పించి పరీక్షలు చేయించాలె. అసలు ఏం తింటది?" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. నాలుగో పేరు దగ్గర ఆయన పెన్ను కింద పెట్టారు. "కవర్లల్ల వచ్చేటియి బందు పెట్టుండ్రి. పీచు లేని తిండి పేగులల్ల కదలదు. కూరలు, పప్పులు, సల్ల పెట్టుండ్రి."

పెట్టడం తెలుసు. తినిపించడమే తెలియలేదు. శుక్రవారం మా ఆయన అక్క రాజవ్వ వదినెకు ఫోన్ చేశాను. జైపూర్ దాటాక ఉన్న ఊళ్లో ఆమెకు మూడెకరాల చేను, ఒక బర్రె. "తీస్కరా. పోరిని నాకిచ్చి నువ్వు రెండు దినాలు పండుకో" అంది.

శనివారం ఉదయం ఆరూ నలభైకి మా ఆయన నైటు డ్యూటీ దిగి వచ్చాడు. కంటి రెప్పల అంచున ఇంకా బొగ్గు గీతే. స్నానం కూడా చేయకుండా స్కూటర్ మీద మమ్మల్ని బస్టాండుకు చేర్చాడు. ఆ వారం రెండు రోజులు బంద్. తెలంగాణ కోసం రోజుకొక ఊరేగింపు నడుస్తున్న కాలం అది. అందుకే బస్టాండు తిరునాళ్లలా ఉంది. చెన్నూరు బస్సు ఏడూ ఇరవైకి కదిలింది. నాకు ఒక టికెట్టు, సిరికి అర, మిన్ను నా ఒళ్లో. ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమ వైపు కూర్చోండి, పొద్దుటి ఎండ ముఖాన పడదు. ఏడున్నర దాటి బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కింది. నీళ్లు నిండుగా, ఎర్రగా ఉన్నాయి.

సిరి చేతిలో ఒక చిప్సు కవరు ఉంది. నేనే ఇచ్చాను. ప్రయాణంలో ఏడుస్తుందని నా చేతిసంచిలో ఇంకో ఆరు పెట్టుకున్నాను. తోచక ఒక కవరు వెనక వైపు చదివాను. సగం పేర్లు వంటింట్లో ఎన్నడూ చూడనివి. కాలేజీ ల్యాబులో, గోధుమరంగు సీసాల మీద మాత్రం చూశాను. పిల్లను ఇన్నాళ్లూ ఆ ల్యాబు అలమర ముందు కూర్చోబెట్టి తినిపించానా అనిపించి కవరు లోపల పెట్టేశాను.

పక్క సీటులో ఒక పెద్దాయన స్టీలు డబ్బా మూత తీశాడు. ఉడికించిన బబ్బెర్లు, అంటే అలసందలు. మా వైపు గుడాలంటాం. పైన పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు. "తీసుకో బిడ్డా" అని సిరి ముందు పెట్టాడు. సిరి కిటికీకి అతుక్కుపోయింది.

"కవరు లేనిది తినదు కాకా" అన్నాను సిగ్గుపడుతూ.

"కవరా? ముప్పై ఏండ్లు బాయిల జేసిన బిడ్డా. భూమి కింద సద్ది ఇప్పితే సుట్టూ బొగ్గే. రెండు చేతులు కడుక్కొని తింటిమి. ఇగో, గుండు లెక్కున్న." గనిని మా వైపు బాయి అనే అంటారు.

సిరి మెల్లగా తిరిగింది. "తాతా, నీ కడుపు నల్లగున్నదా?"

బస్సులో నలుగురు నవ్వారు. "లోపలికి వొయ్యి సూసినోళ్లెవలు బిడ్డా!" అన్నాడాయన. సిరి మాత్రం రెండు చేతులతో పొట్టను పట్టుకుని మళ్లీ కిటికీలోకి తిరిగింది. పిల్లల మాటే కదా అనుకున్నాను. అక్కడే నేను పట్టుకోవలసింది.

ఇందారం క్రాసు దాటి, ఎనిమిదింబావుకు జైపూర్. కరెంటు ప్లాంటు వస్తుందని భూముల మాటే మాట్లాడుకుంటున్న రోజులు. ఇంకో పావుగంటకు వదినె ఊరి మలుపులో దిగాం. హోటలేమీ లేదు, ఒక చాయ్ బండి ఉంది. నీళ్లు వెంట ఉంచుకోవాలి.

వదినె ముందుగా నా చేతిసంచి అందుకుంది. గలగలమన్న చప్పుడు విని కవర్లు బయటికి తీసి, "ఇయ్యేందే సుజాతా? యూరియానా? గిట్ల మెరుస్తున్నయి" అంది.

"అవసరానికి ఉంటాయని..."

"అవసరం నాకున్నది" అని వాటిని ఒక సంచిలో వేసి పైన కొయ్యకు తగిలించింది. ఆ ఎత్తుకు నాకే చేయి అందదు.

పగలు పదకొండుకు జొన్నరవ్వ ఉడికించిన గట్క, పుంటికూర అనే గోంగూర, సల్ల అంటే మజ్జిగ. మిన్ను అన్నీ మూతికి పూసుకుని తిన్నది. సిరి మూత పెట్టిన చెంబులోని సల్ల మాత్రం తాగింది, అదీ వదినె మూత తన కళ్ల ముందే తీసి చూపించాక. సాయంత్రం నాలుగున్నరకు తిరుగు బస్సు ఉంది. పిల్ల ముఖం వాడిపోయింది. పొట్ట రాయిలా ఉంది. కరీంనగర్‌కే వెళ్లిపోదామని బట్టలు సర్దడం మొదలుపెట్టాను.

"డాక్టరు సోమారం దాక అన్నడా లేదా?"

"అన్నాడు."

"నొప్పి ఎక్కువైనా, కక్కుకున్నా నేనే బండి మాట్లాడుత. లేదంటే రేపు ఒక్కనాడు ఆగు. నువ్వు తినుమని దాని ఎంబడి తిరుగుడు బందు వెట్టు. తిననియ్యి, తినకపోనియ్యి, నోరు మూసుకో." వదినె తప్ప ఇంకెవరు అలా అన్నా నాకు కోపం వచ్చేది. రాత్రికి సిరప్ తాగించి, సర్దిన బట్టలు మళ్లీ తీశాను.

ఆదివారం ఆరున్నరకు వదినె సిరిని తీసుకుని మక్కజొన్న చేనుకు బయలుదేరింది. మిన్నును చంకనెత్తుకుని నేను కాస్త వెనకగా వెళ్లాను. మక్కలు నా కంటే ఎత్తుగా ఉన్నాయి. వాళ్లకు నేను కనబడను. వాళ్ల మాటలు నాకు వినబడుతున్నాయి.

"అత్తా, నీకొకటి చెప్త. అమ్మకు చెప్పద్దు."

"చెప్పను తీ."

"నా కడుపుల బొగ్గున్నది."

వదినె కంకి విరిచిన చప్పుడు ఆగింది. "ఎవలన్నరే?"

"నేనే చూసిన. నాకు నల్లగ వచ్చింది. కవరు లేంది తింటే కడుపులకు బొగ్గు పోతదని అమ్మ చెప్పింది. ఒక్కసారి బళ్లె స్వప్న డబ్బాలకెల్లి ఇడ్లీ తిన్న. గప్పటిసంది నల్లగనే. మల్ల వస్తే అమ్మ చూస్తదని ఆపుకుంటున్న."

మక్క ఆకు అంచు నా చెంపను కోసింది. మొండితనం అనుకున్నదంతా విధేయత. నేను చెప్పిన మాటనే నా బిడ్డ అక్షరాలా పాటించింది. రెండు నెలలుగా రోజుకో చెంచా టానిక్ నా చేత్తోనే పోశాను. ఇనుము టానిక్ తాగితే విరేచనం నల్లగా వస్తుందని నాకు తెలుసు. దానికి చెప్పాలని తోచలేదు. ఇంకే ఊరి పిల్లయినా నలుపు చూసి ఇంకేదో అనుకునేది. మా ఊరి పిల్ల బొగ్గు అనుకుంది.

వదినె మాత్రం పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిదానా! మీ బావ నా కడుపుల వడ్డప్పుడు దవాఖానల ఎర్రగోలీలు ఇచ్చిండ్రు. ఇనుము గోలీలు. నాకు తొమ్మిది నెలలు నల్లగనే! నువ్వు తాగే టానిక్కుల గూడ గదే ఇనుము. బొగ్గు కాదు, ఏం కాదు."

"నిజంగనా?"

"మరి మీ బాపు పదేండ్లసంది బాయిల దిగుతుండు. ఆయన కడుపు నల్లగైందా?"

"బాపు సబ్బుతోని కడుక్కుంటడు" అంది సిరి.

ఆ మాటకు నాకూ నవ్వొచ్చింది. నా నవ్వు విని ఇద్దరూ తిరిగారు. నేను దాక్కోవడం మానేసి బయటికి వచ్చి, చేలోనే కూర్చుని సిరిని ఒళ్లోకి తీసుకున్నాను. "ఇనుమే బిడ్డా. అత్త చెప్పింది నిజం" అన్నాను. అది నా చెంప మీది గీతను చూసి, "అమ్మా, రక్తం" అని తన గౌను అంచుతో తుడిచింది.

ఎనిమిదింటికి వదినె పొయ్యిలోని నిప్పుల మీద నాలుగు కంకులు కాల్చింది. కాలిన గింజలు అక్కడక్కడ నల్లగా మచ్చలు పడ్డాయి. ఒకదానికి ఉప్పు, కారం, నిమ్మకాయ రుద్ది సిరి పక్కన పెట్టి, ఇటు చూడకుండా బర్రె దగ్గరికి పోయింది. నేనూ వదినె చెప్పినట్లు నోరు మూసుకుని మిన్ను జడ వేస్తూ కూర్చున్నాను. జడ అయిపోయింది. విప్పి మళ్లీ వేశాను. రెండో జడ సగంలో ఉండగా కరకరమన్న చప్పుడు. తలెత్తితే సిరి పెదవుల మీద మసి. కంకి మొత్తం తిని, గింజల్లేని బెండును రెండు వైపులా చూసి ఇంకోటి అడిగింది.

పన్నెండుకు బబ్బెర గుడాలు, సల్ల పోసిన గట్క. ఒంటిగంట దాటాక పెరటి బాత్రూం నుంచి ఊరంతా వినబడే కేక: "అత్తా! వచ్చింది! నల్లగనే ఉన్నది!"

"ఉండనియ్యే, ఇనుప పోరీ!" అని వదినె కొట్టంలోంచి అరిచింది. నేను గడప మీద కూర్చుండిపోయాను. ఏడుపు కూడా వచ్చింది కానీ వదినె చూస్తే ఏడిపిస్తుందని తుడుచుకున్నాను.

సిరప్ పనిచేసింది, తిండి పనిచేసింది, భయం పోవడం కూడా పనిచేసింది. ఏది ఎంత అని నేను తూకం వేయను. కరీంనగర్ సంగతి డాక్టరే చెప్పాలి. ఆయనకు చెప్పాల్సింది మాత్రం ఈసారి నా దగ్గర పూర్తిగా ఉంది.

నాలుగున్నర బస్సుకు వదినె మమ్మల్ని మలుపు దాకా దిగబెట్టింది. సంచి నిండా బబ్బెర్లు, జొన్నపిండి, పుంటికూర కట్టలు. "నీ యూరియా నా కొయ్యకే ఉన్నది. తీస్కపోతవా?" అంది. "చేనుకు చల్లుకో వదినె" అన్నాను.

బ్రిడ్జి మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అవతల మా ఊరి వైపు పాత కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు. ఆ దుమ్ము రేపూ నా కిటికీ మీదికి వస్తుంది. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. వంటింట్లో లేని పేరు కవరు వెనక ఉంటే ఆ కవరు నా గడప దాటకుండా ఆపడం నా చేతిలోనే ఉంది. రెండు రోజుల ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఇంతే, నాకు చాలు. ఇది చదివి ఎవరైనా బయలుదేరితే జైపూరే రానక్కర్లేదు. పొయ్యి ఉన్న ఇల్లు, పిల్ల చెప్పేది వినే ఒక మనిషి ఉంటే సరిపోతుంది.

సోమవారం ఉదయం ఆరున్నరకు గుడాలు పోపు వేసి, పిల్లలిద్దర్నీ కిటికీ దగ్గరికి పిలిచాను. పట్టీ మీద వేలితో గీశాను. వేలు నల్లబడింది. ఇద్దరికీ చూపించి, నల్లా కింద సబ్బుతో కడిగి, మళ్లీ చూపించాను.

"ఇది బొగ్గు. మనింట్ల ఎప్పటికీ ఉంటది. కడిగితే పోతది. కవరు లేంది తినద్దని మీకు తప్పు చెప్పింది నేనే" అన్నాను. "ఇగ చేతులు కడుక్కొని రాండ్రి. గుడాలు సల్లారుతున్నయి."