ట్యూబు రబ్బరు కట్టిన ఫ్లాపీ

సైకిల్ ట్యూబు రబ్బరు ఎండకాలంల జిగట పడ్తది. పోచంపల్లిల పుట్టిన ఆడిపిల్లకు ఈ సంగతి ఒకలు చెప్పాల్నా? పాత ట్యూబులు తెచ్చి, కత్తెరతోని సన్నగ పీలికెలు కోసి, ఆ పీలికెలతోనే నూలు మీద కట్లు కడ్తం. కట్టిన కాడికి రంగు పోదు. కట్టని కాడ రంగు పడ్తది. చిటికి పనంటే ఇదే. ఎక్కడ కట్టాల్నో ఎక్కడ ఇడువాల్నో తెలిసినోళ్లకు బొమ్మ వస్తది, తెలువనోళ్లకు మరకలు వస్తయి.

నేను నాలుగో తరగతి దాక సదివిన. ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కొని సదువుత. కని యాది మాత్రం దేవుడు గట్టిగ ఇచ్చిండు. ఏ చీరెకు ఏ అంచు, ఏ పెండ్లిల ఎవరు ఎందుకు అలిగిండ్రు, మా చిన్నత్త ఏ పండ్గకు ఏ కూర మాడగొట్టింది, అన్ని వరుస పెట్టి చెప్త. ఇంట్ల ఏదన్న పాత ముచ్చట మీద పంచాది పెట్టుకుంటె నన్నే పిలిచి అడుగుతరు. అసొంటి నాకు ఒక్క సంగతి యాదికి లేదు. ఎన్ని తీర్ల ఎతికినా దొరుకలే.

మా ఆయనది మర్రిగూడ దిక్కు. ఆడి ఫ్లోరైడు బాయి నీళ్లు తాగి పెరిగిండు. నన్ను చూడవచ్చిన నాడు నోరు మూసుకొనే నవ్విండు, పండ్ల మీది పసుపు చారలు కనవడ్తయని. మా తమ్ముడు అప్పటికి చిన్నోడు, అందుకని మా బాపు అల్లుణ్ని పోచంపల్లికే తెచ్చుకున్నడు. వచ్చి మగ్గం మీద కూసున్నడు గని ఆయన అసలు పని గ్రాపు కాయితం మీదనే. చిన్న చిన్న గడులు నింపుకుంట బొమ్మ గీస్తుండె. ఆ గడులు చూసి నేను నూలు మీద కట్టు కడ్తుంటి. ఆయన గీసుడు, నేను కట్టుడు. పన్నెండేండ్లు గట్లనే నడిచింది.

నలభై దగ్గర పడ్డంక చిన్ననాటి నీళ్లు ఆయన ఎముకలల్లకెల్లి బయటపడ్డయి. ముందు మెడ తిరుగలే. తర్వాత మోకాళ్లు ముడువలే, మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసునుడు బందయింది. ఆఖరికి చేతి ఏళ్లు వంగినయి. పెన్సిలు పట్టుకుంటె జారి పడుతుండె. దవాఖానకు తీస్కపోతె డాక్టరు, "నీళ్లు మార్చిండ్రా?" అన్నడు.

"మార్చి పన్నెండేండ్లయింది సారూ" అన్నడు మా ఆయన.

డాక్టరు చీటి మీద నొప్పి గోలీలు రాసిచ్చిండు.

తొంభైల నడుమ ముచ్చట ఇది. మా తమ్ముడు అప్పటికి షాద్‌నగర్ల ఒక కంపెనీ ఆఫీసుల పని చేస్తుండె. ఆడ పాత కంప్యూటర్లు తీసేస్తుంటె ఒకటి అడుక్కొని, అద్దం డబ్బను బొంతల చుట్టి, రెండు బస్సులు మారి తెచ్చిండు. మా ఆయన ముంగట స్టూలు మీద పెట్టి చూపెట్టిండు.

"బావా, పెన్సిలు పట్టుడు అక్కర్లే. ఒక్క ఏలు సాలు. గీ బాణం ఒత్తితె పక్క గడికి పోతది. గీ పొడుగు బిళ్ల ఒత్తితె గడి నిండుతది."

"తప్పు పడితె?"

"మల్ల ఒత్తితె ఖాళీ అయితది."

"మీ అక్క కంటె నయమే. ఆమె తప్పు కట్టి, నువ్వే తప్పు గీసినవని నా మీద పడ్తది."

"ముఖం చూడు" అన్న నేను. చానా దినాలకు నవ్వుకున్నం ఆ పొద్దు.

ఏడాదిన్నర గీసిండు. వంకర పోయిన చూపుడు ఏలు ఒక్కదాన్తోని టిక్కు టిక్కుమనుకుంట. నేను బువ్వ వండుతుంటె ఆ సప్పుడు ఇనవడ్తనే ఉంటుండె. నలభై ఒక్క బొమ్మలయినయి. అన్నిట్ల ఆయనకు పానమసొంటిది ఒకటుండె, నెర్రెలిచ్చిన చెలక. మర్రిగూడల వాళ్ల నాయిన దున్నిన చెలక ఎండకు పగిలితె ఎట్లుంటదో గట్ల, నల్ల నేల మీద సన్నగ ఎర్ర గీతలు. చీరె మీద నెర్రెలు ఎవరు కట్టుకుంటరయ్యా అంటె, "చూసినంక చెప్పు" అన్నడు. చూసిన. కట్టుకోవాలనే అనిపించింది.

ఒక్కటి కూడ నూలు మీదికి ఎక్కలే ఇంకా. పట్నం నుంచి బట్టల దుకాణమోళ్లు వచ్చి చూస్తమన్నరు. నచ్చితె ఏటేటా బొమ్మలు ఈయన కాడనే తీసుకుంటమన్నరు. మగ్గం పోయింది, పెన్సిలు పోయింది, ఇగ ఆయన చేతులు అంటె ఆ బొమ్మలే. వాళ్లు రావాల్సింది బేస్తారం నాడు.

ఇప్పుడు ఫ్లాపీల సంగతి చెప్పాలె. అరచెయ్యంత నల్ల బిళ్లలు అవి. తమ్ముడు మొదట్లనే చెప్పిండు, కంప్యూటరు డబ్బ ఎప్పుడన్న మొరాయిస్తది, బొమ్మలన్ని ఒక ఫ్లాపీల సుత పెట్టుకోండ్రి అని. ఇంట్ల రెండుండె. ఒక దాంట్ల బొమ్మలు. ఒకటి ఖాళీ. రెండు ఒక్క తీరుగ ఉంటయి, ఆఫీసోళ్ల పాత చీటీలు సగం చినిగి రెండిటి మీద సుత గట్లనే ఉన్నయి. ఏది ఏదో ఎట్ల తెలువాలె? నేనే చెప్పిన, బొమ్మలున్నదానికి ట్యూబు రబ్బరు కడ్త అని. మా ఆయనకు మస్తు నచ్చింది. "కట్టినదాంట్లకు రంగు పోవద్దు, అంతే గద" అన్నడు. మా ఇంట్ల ఎవరికి ఇంతకంటె ఎక్కువ చెప్పే పని లేదు.

ఎండలు ముదిరినయి. ఒకనాడు చూస్తె రబ్బరు జిగట పట్టి ఫ్లాపీకి అంటుకున్నది. ఇప్పి, రెండు ఫ్లాపీలు గడప మీద పెట్టి, పొడి బట్టతోని తుడిచిన. గంతల బయట నూలు పంచేటాయన కేకేసిండు. పోయి, నూలు తీస్కొని, పక్కింటామెతోని రెండు మాటలు మాట్లాడి వచ్చిన. ఏం మాటలో సుత చెప్త. వాళ్ల బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది, జున్ను పంపుత అన్నది. లోపటికి వచ్చి కొత్త పీలికె తీసి ఫ్లాపీకి కట్టిన. ఏ ఫ్లాపీకి కట్టిన? అదే యాదికి లేదు. బర్రె యాదికున్నది, జున్ను యాదికున్నది, చేతులకు ఏ ఫ్లాపీ వచ్చిందో యాదికి లేదు.

నెల తిరుగకముందే డబ్బ మొరాయించింది. పొద్దుగాల మా ఆయన మీట ఒత్తితె అద్దం నల్లగనే ఉండి, ఒక్క వరుస తెల్ల అచ్చరాలు వచ్చి ఆగిపోయింది. తమ్మునికి ఫోను చేసినం. ఐతారం వచ్చిండు, పట్నమోళ్లు వచ్చే బేస్తారానికి ఇంక నాలుగు దినాలే. డబ్బ ఇప్పి, చూసి, మల్ల మూసి చెప్పిండు.

"లోపలి డిస్కు ఆగమైంది బావా. నిద్ర లేచినంక ఏం చెయ్యాల్నో దానికి చెప్పే సరుకు ఒకటుంటది, అది పోయింది. మల్ల పొయ్యాలె."

"పొయ్యి మరి, దేనికి ఆగినవ్?"

"తెచ్చిన, మూడు ఫ్లాపీలల్ల. కని అవి దోస్తు కాడ నకలు తీసినయి. వాటిని చూసి ఇది లేస్తలేదు. లేపే ఫ్లాపీ ఏరే ఉండాలె. అది ఇంకో కంప్యూటర్ల తయారు చెయ్యాలె. భువనగిరిల కంప్యూటరు నేర్పే జాగా ఉన్నది, ఇప్పుడు పోయి మాపటీలికి వస్త. అక్కా, ఖాళీ ఫ్లాపీ ఒకటియ్యి."

గూట్లకెల్లి తీసిచ్చిన. రబ్బరు లేనిది.

"ఇది ఖాళీదేనా?"

"రబ్బరు లేదు, కండ్లు కనవడ్తలెవ్వా?"

"సరే తల్లీ, ఊకె అడిగిన, తిట్టకు" అని అంగి జేబుల ఏసుకొని బస్సెక్కిండు.

మా ఆయన ఆ పగలంత అరుగు మీద కూసొని బస్సు బాట చూసిండు. మెడ తిరుగది గద, మొత్తం మనిషే బాట దిక్కు తిరిగి కూసున్నడు.

తమ్ముడు సంతోషంగ వచ్చిండు. ఎట్ల చేసిండో చెప్పుకుంటనే ఫ్లాపీని డబ్బ నోట్ల పెట్టిండు. "లేపే సరుకు ఎక్కించెటప్పుడు ముందు అడుగుతది బావా, దీంట్ల ఉన్నదంత తుడిచిపోతది, సరేనా అని. సరే అని ఒత్తిన. ఖాళీదాంట్ల పోయేదేమున్నది? అది తుడుసుకొని, గీతలు కొట్టుకొని, మొదటి జాగల ఆ సరుకు కూసుంటది."

పచ్చ దీపం వెలిగింది. గర్రు గర్రుమన్నది. అద్దం మీద అచ్చరాలు ఉరికి వచ్చినయి. మా ఆయన రెండు మణికట్లు కొట్టి సప్పట్ల తీరు చేసిండు, ఏళ్లు కలువయి గద.

ఇగ అది లోపలి డిస్కు గురించి అదే మాట అడిగింది. ఉన్నదంత పోతది, సరేనా? తమ్ముడు ఏలు ఆపి ఎనుకకు చూసిండు. "బావా, బొమ్మలు ఫ్లాపీల పైలమే గద?"

మా ఆయన గూట్ల ఉన్న ఇంకో ఫ్లాపీ దిక్కు గదువ ఎత్తి చూపెట్టిండు. రబ్బరు బిగిచ్చి కట్టి ఉన్నది. "మీ అక్క కట్టింది. ఒత్తు."

ఒత్తిండు. చానా సేపు పట్టింది. ఒకటో ఫ్లాపీ, రెండోది, మూడోది. నేను చాయ్ పెట్టిచ్చిన. అంత అయినంక డబ్బ ఎప్పటిలెక్క లేచి కూసున్నది. బొమ్మలు గీసే సరుకు సుత ఎక్కించిండు. "ఇగ బొమ్మలు పోద్దాం, ఇటియ్యి అక్కా."

రబ్బరు ఇప్పి ఇచ్చిన. పెట్టిండు. ఒత్తిండు. తీసి తుడిచి మల్ల పెట్టిండు.

"దీంట్ల ఏం లేదు" అన్నడు.

"అది కాదేమో. ఇంకోటి చూడు" అన్నడు మా ఆయన.

ఇంకోటి ఏదో ముగ్గురికి తెలుసు. డబ్బ పక్కన్నే పెట్టి ఉన్నది, డబ్బను లేపిన ఫ్లాపీ.

తమ్ముడు, చూడకుండ ఒత్తిన, తప్పు నాదే అని నెత్తి పట్టుకున్నడు. నేను నాదే అన్న. మా ఆయన ఎవలను ఏమనలే. ఆ ఫ్లాపీ ఇటియ్యుమని అరచేతుల పెట్టుకొని చూసి అన్నడు, "మీద రంగు ఏసినంత మాత్రాన కింది రంగు యాడికి పోదు. నల్ల రంగుల ముంచిన ఎర్ర నూలును ఎండల పట్టి చూస్తె ఎరుపు తెలుస్తది. బామ్మర్దీ, పట్నంల తెలిసినోళ్లుంటరు. మీది రంగు తీపియ్యి. లోపట నా చెలక ఉంటది."

తమ్ముడు కాదనలే. సోమారం నౌకరికి నాగ పెట్టి పట్నం పోయిండు. రెండు దినాలు తిరిగిండు. బుధారం పొద్దుమీకి వచ్చి అరుగు మీద కూసున్నడు గని మా ఆయన మొఖం చూడలే.

"ముగ్గురికి చూపెట్టిన బావా. గీతలు మల్ల కొత్తగ కొట్టింది, పాతయి రావన్నరు."

మా ఆయన "అయితె రంగు మంచిగ పట్టిందన్నట్టు" అన్నడు.

పోయేటప్పుడు తమ్ముడు ఒకటి చూపెట్టిండు. ఫ్లాపీ మూలకు చిన్న కిటికీ లెక్క ఉంటది. దాని మీది బిళ్లను గోటితోని పక్కకు జరిపితె ఆ ఫ్లాపీల ఎవరు ఏం రాయలేరట, తుడువలేరట. ముందే చెప్పాల్సింది అని ఏడ్చిండు. తెలిస్తె నేను సూదితోని జరుపుదును. ఎంత పని అది?

బేస్తారం నాడు పట్నమోళ్లు వచ్చిండ్రు. ఇద్దరు. మా ఆయన ధోతి కట్టుకొని తయారయిండు. జరిగింది చెప్పిండు. వాళ్లు, అయ్యో అన్నరు. పాత గ్రాపులు చూపెట్టిన, ఇయన్ని బజార్ల ఉన్నయి గదమ్మా అన్నరు. అప్పుడాయన గాలిల చెయ్యి పెట్టి చెలక ఎట్లుంటదో చెప్పబోయిండు. చెయ్యి భుజం దాక లేస్తది, అంతకు మించి లేవది. వాళ్లు మర్యాదకు చూసిండ్రు. మల్లెప్పుడన్న గీస్తె కబురు పెట్టుండ్రి అని పోయిండ్రు.

గీద్దామనే కూసున్నడు. ఆ ఎండకాలం ఎల్లెటాళ్లకు చూపుడు ఏలు సుత లోపటికి ముడుసుకున్నది. రోజుకు నాలుగు వరుసలు నిండుతుండె, తర్వాత రెండు. చెలక సగం దాక వచ్చి ఆగింది. నెర్ర యాడ చీలి రెండయితదో ఆయనకు అందలే. ఒక పొద్దు నన్ను పిలిచి పక్కన కూసుండవెట్టుకున్నడు.

"నీకు యాదుంటది. మూడో నెర్ర ఎన్ని గడులకు చీలింది?"

కండ్లు మూసుకొని చూసిన. నల్ల నేల కనవడ్డది. ఎర్ర గీతలు కనవడ్డయి. గడులు కనవడలే. పన్నెండేండ్లల్ల నేను కట్టిన ఏ బొమ్మ అడిగినా చెప్పుదును, ఎక్కడ ఎన్ని పోగులకు కట్టు పడిందో. అవి నా ఏళ్లకు తెలుసు. ఇది ఉత్తగ అద్దంల చూసిన.

"తెలుస్తలేదు" అన్న.

"నువ్వు దీన్ని కట్టలే గద" అన్నడు. కోపం లేదు ఆ మాటల. "కట్టనిది నీకు యాదుండది."

అద్దం మీద చిన్న తెల్ల గీత, ఏదన్న ఒత్తుమన్నట్టు, వస్తుండె పోతుండె. ఆయన చెయ్యి తీసి ఒళ్లె పెట్టుకున్నడు. మీట యాడున్నదో నాకు తెలుసు. కొంచెం సేపు చూసి, నేనే బంద్ చేసిన.