కోటు కాలరుకు పసుపు

మొన్న మొదటి మంచు పడిన రోజున సెంటర్ వాళ్లు ఫోన్ చేసి, చూసుకునేవాళ్లెవరూ లేరు, ఒక్క పూట వచ్చి కోట్ల గదిలో కూర్చోగలరా అని అడిగితే, మోకాళ్లు వద్దంటున్నా కాదనలేక వెళ్లాను. గది నిండా కోట్లే, అడిగేవాళ్లే లేరు. హీటర్ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంటే, ఇదే గదిలో కోట్లు పంచుతూ నాకు ఊపిరి సలపని ఆ ఏళ్లు గుర్తుకొచ్చాయి.

కెనడాలోని మా హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. మా వారు ఆ కొలిమిల దగ్గరే పనిచేసి రిటైరయ్యారు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాక, ఖాళీ అయిన ఓ పాత బడిలో వలస వచ్చినవాళ్ల కోసం ఈ సెంటర్ పెట్టారు. వియత్నాం వాళ్లు, సోమాలియా వాళ్లు, సిరియా వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఇక్కడే ఇంగ్లీషు నేర్చుకుని, ఎవరో ఇచ్చిన ఈ పాత కోట్లే తొడుక్కుని, మెల్లగా ఊళ్లో కలిసిపోయారు. ఆ తర్వాత కాలేజీల పేరు చెప్పి మన పిల్లలు వచ్చిపడ్డారు, నడి జనవరిలో, శంషాబాద్‌లో విమానమెక్కినప్పటి పలచటి స్వెట్టర్లతోనే.

తక్కిన దేశాల వాళ్లకు చేతికందిన కోటు చాలేది. మన పిల్లలు మాత్రం వాటిని అలా తాకి చూసి, వద్దులెండి ఆంటీ అని వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఇంత చలిలో ఈ బింకమేమిటని లోలోపల తిట్టుకునేదాన్ని.

వాళ్లలో ఒక నల్గొండ అమ్మాయి ఉండేది. టొరంటో వైపు ఎటోబికోలో గోడౌన్ పని; కూలీలను ఎక్కించుకెళ్లే ఏజెన్సీ వ్యాను కోసం పొద్దున్నే రోడ్డు పక్కన నిలబడీ నిలబడీ చలికి వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. ఒంట్లో వేడి నిలిపే కోటు లేకుండా ఇంకోసారి బయట నిలబడితే వేళ్లు దక్కవని డాక్టరు చెప్పాడు. నిలబడకపోతే పని పోతుంది, పని పోతే చదువూ పోతుంది. అయినా కోటు ముట్టదు. గట్టిగా అడిగితే తల దించుకుంది.

"వేరేటోళ్లు తొడిగినవి మా ఇంట్ల వేస్కోనియ్యరాంటీ. అమ్మకు తెలిస్తే ఏడుస్తది."

నా కోపమంతా ఎటు పోయిందో! మన ఇళ్లల్లో కొత్త బట్టకు పసుపు పెట్టనిదే ఒంటిమీద వేసుకుంటామా, మన వయసు వాళ్లకు వేరే చెప్పాలా? శనివారాలు పప్పన్నం వండే సెంటర్ వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి, తడిపి, కోటు కాలరు లోపల బొట్టు పెట్టి, ఇప్పుడిది కొత్తదే, వేసుకో అన్నాను. కాసేపు కోటునీ నన్నూ మార్చి మార్చి చూసి, నవ్వి, తొడుక్కుంది. కొత్త బట్టలు కట్టుకున్నట్టే వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టేసరికి, త్వరగా పీఆర్ వచ్చి ఇక్కడే స్థిరపడు, చల్లగా ఉండు తల్లీ అన్నాను. వెనక నిలబడ్డ పిల్లలు "ఇంకా చల్లగనా ఆంటీ!" అని ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి గదిలో పసుపు డబ్బా ఒకటి పెట్టక తప్పలేదు.

ఆ అమ్మాయి వేళ్లు దక్కాయి, చదువూ పూర్తయింది. కానీ రూల్స్ మారాయి, శాశ్వతంగా ఉండనిచ్చే ఆ పీఆర్ అందని మానిపండైంది, వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది. ఒక మధ్యాహ్నం ఆ కోటును శుభ్రంగా ఉతికి తెచ్చింది. "ఇంటికి పోతున్నాంటీ. ఆడ నాకెందుకు, ఎవరికన్న ఇయ్యండి."

ఎవరి మీద కోప్పడాలో తెలియక దాన్ని మడతపెట్టి తక్కిన కోట్లలో పెట్టాను. తర్వాత ఒక గుంటూరమ్మాయి అదే కోటు తీసి, ఇది ఎవరిదని అడిగింది. మన పిల్లదే అన్నాను. వెంటనే తొడుక్కుని వెళ్లింది.

అంతమందిని చూసి చూసి అలసిపోయాను. ఇప్పుడు కొత్తవాళ్లు రావడమే తగ్గింది. మొన్న కూర్చున్న పూటంతటికీ వచ్చింది ఒక్కతే, ఏ దేశమో అడగలేదు. ఒకప్పుడైతే కోటు తొడిగి, ఇక నువ్వు మా ఊరిదానివే అనేవాళ్లం. ఈమెనైనా ఇక్కడ ఉండనిస్తారో లేదో అనిపించి, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జిప్పు పైకి లాగి, జాగ్రత్తగా వెళ్లమ్మా అని మాత్రం అన్నాను.