ఆరు వందల ఏళ్ల నాటి టీకా

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఈ మాట ఇప్పటికి చాలా చోట్ల చెప్పుకున్నాను, ఇక్కడా చెప్పకుండా మొదలుపెట్టలేను. మా నాన్న సికింద్రాబాద్ స్టేషన్లో కూలీ. ఎర్ర చొక్కా, చేతికి ఇత్తడి బిళ్ల. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నాకు బి.ఎ. పట్టా వచ్చింది, ఆ వెంటే యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం కూడా వచ్చింది. బోయిగూడలో మా గల్లీవాళ్లు నన్ను "బి.ఎ. సాబ్" అనడం మొదలుపెట్టారు. సగం వెక్కిరింతే. నాకు మాత్రం మొత్తం మర్యాదగానే వినిపించేది.

నన్ను వేసింది విదేశీ చదువుల సెక్షన్లో. అంతకుముందు ఏటా కొందరు విద్యార్థుల్ని ఇంగ్లండు పంపేవారు. ప్లేగు వచ్చి, సికింద్రాబాద్ సగం ఖాళీ అయి, జనం కాప్రా అవతల బయళ్లలో గుడిసెలు వేసుకున్న ఏడు అదంతా ఆగిపోయింది. రేవు రేవుకూ ఓడల్లో తిరిగిన జబ్బు కదా, మా వైపు మనుషులంటేనే ఓడల కంపెనీలు వద్దనేవి. ప్లేగు తగ్గేసరికి రజాకార్ల గొడవ, ఆపైన పోలీసు చర్య. నేను చేరేనాటికి ఆ సెక్షన్ అంటే ఒక బీరువా, దాని నిండా ఉర్దూ ఫైళ్లు. మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన సూపరింటెండెంటుకు ఉర్దూ రాదు. నా చదువంతా ఉర్దూలోనే. అందుకే ఆ బీరువా తాళం నా చేతికొచ్చింది.

మొదటి రోజే ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడవోయ్, ఈ ఏడు ముగ్గురు ఓడెక్కితే ఈ సెక్షన్ బతుకుతుంది. లేదంటే దీన్ని మూసేసి మనిద్దర్నీ పరీక్ష పేపర్లు కట్టలు కట్టడానికి పంపిస్తారు."

ఆ ముగ్గుర్నీ పాత ఫైళ్లలోంచే తీశాను. ప్లేగు ఏడాది ఎంపికై, ఆగిపోయినవాళ్లు. అందులో ఒకామె మారేడ్‌పల్లి దర్జీ కూతురు, డాక్టరు. పసిపిల్లల వైద్యంలో పైచదువుకు సీటు వచ్చి అప్పట్నుంచీ ఎదురుచూస్తోంది. ఈసారి కూడా రాకపోతే ఇక సీటు ఉంచలేమని అక్కడి కాలేజీవాళ్లు రాసేశారు. నేను వాళ్లింటికి వెళ్లి కబురు చెప్పిన రోజు వాళ్ల నాన్న కుట్టుమిషన్ ఆపి, "మళ్ల ఒక్కసారి చెప్పు బేటా" అని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఓడ కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే. గడిచిన ఆర్నెల్లలో ప్లేగు టీకా వేసుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. ముగ్గురూ దవాఖానాలో ఒకే రోజు వేయించుకున్నారు. ఉర్దూ సర్టిఫికెట్లను ఇంగ్లీషులోకి దించి, తప్పు లేకుండా టైపు చేసి, నేనే బొంబాయి పంపాను. ఒక్క కొట్టివేత కూడా లేని ఆ కాగితాలు చూసుకుని ఎంత మురిసిపోయానో.

అవే కాగితాలు ఓడ కంపెనీ ఉత్తరంతో సహా వెనక్కొచ్చాయి. ముగ్గురూ బొంబాయి బండెక్కడానికి ఇంకా రెండు రోజులుంది.

సూపరింటెండెంటు ఉత్తరం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, ఈ అమ్మాయికి టీకా ఎప్పుడు వేశారు?"

"అమర్దాద్ ఐదో తారీకు సార్."

"ఏ సంవత్సరం?"

"పదమూడు వందల యాభై ఎనిమిది."

"అదే వాళ్లూ రాశారు. ఆరు వందల ఏళ్ల నాటి టీకా ఇప్పుడు పనిచేయదట."

హైదరాబాద్ సర్కారులో ఫస్లీ లెక్క, ఇంగ్లీషు సంవత్సరం కంటే ఐదు వందల తొంభై ఏళ్లు వెనక. మేం పుట్టింది, పరీక్షలు రాసింది అన్నీ అందులోనే. నాకది తారీకే. దాన్ని కూడా ఇంగ్లీషులోకి మార్చాలని నాకు తట్టనే లేదు. సంగతి తెలుసుకుందామని అప్పుడే ఆఫీసుకొచ్చిన డాక్టరమ్మ ఉత్తరం చదివి నా వైపు చూసింది.

"ఏం తమ్మీ, నేను గంత ముసలిదాని లెక్క కనబడుతున్ననా?"

నవ్వుతూనే అంది గానీ, ఉత్తరాన్ని మళ్లీ మొదట్నుంచీ చదివింది. మళ్లీ టీకా వేయించుకుంటే పది రోజులు ఆగాలి. ఓడ ఆగదు.

దవాఖానాకు పరుగెత్తాను. పెద్ద డాక్టరు రిజిస్టరు తెరిచి చూపించాడు.

"గిదో బేటా, అమర్దాద్ ఐదు. అంగ్రేజీ తారీకు ఎంతైతదో నాకు పక్కా తెల్వది. అందాజతోని రాస్తే రేపు బొంబాయోళ్లు నన్ను పట్టుకుంటరు. ఛాపిన కాగితమేదన్న తే, చూసి దస్తఖత్ పెడ్త."

ఆ అచ్చు కాగితమే దొరకలేదు. మిలిటరీ గవర్నరు వచ్చాక ఆఫీసుల్లో పాత క్యాలెండర్లు తీసేసి ఇంగ్లీషువి తగిలించారు, దవాఖానా రిజిస్టర్లు మాత్రం ఇంకా ఫస్లీలోనే నడుస్తున్నాయి. కాంపౌండరు వేళ్ల మీద లెక్కపెట్టి జూన్ తొమ్మిది అన్నాడు. మా హెడ్ గుమాస్తా పదకొండు అన్నాడు. ఫస్లీలో ఒక్కో నెలకు ఒక్కో లెక్క, ఎవరి వేళ్లు వాళ్లవి.

సాయంత్రం ఇంటికెళ్లి గోడకానుకుని కూర్చున్నాను. నాన్న అన్నం తింటున్నాడు.

"ఏందిరా, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నింపాదిగా నమిలాడు.

"గీ ముచ్చట నన్నడగాలె గాని, దవాఖాన్ల పొంట తిరుగుతవేంది?"

"నీకెట్ల తెలుస్తది నాయినా?"

"టేషన్ల నా డ్యూటీ అంగ్రేజీ తారీకు మీద. సర్కారు కచేరీల పనులు ఫస్లీ మీద. పండుగలు పంచాంగం మీద. మూడు దెల్వకుంటే నాకెట్ల నడుస్తది? అచ్చరాలు రావు గాని అంకెలొస్తయి."

తలుపు వెనక మేకు నుంచి క్యాలెండరు తీసుకొచ్చాడు. ఏదో బట్టల దుకాణం పంచినది. అన్ని లెక్కల తారీకులూ ఒకే గడిలో ఉన్నాయి. గడిచిన నెలల కాగితాలను ఆయన చించడు, వెనక్కి మడుస్తాడు. చించితే నెల ఉత్తగ పోయినట్టుంటదట. అమర్దాద్ కాగితం చెక్కుచెదరకుండా ఉంది. ఐదో తారీకు కింద చిన్న అంకెల్లో జూన్ తారీకు. కాంపౌండరు చెప్పిందీ కాదు, హెడ్ గుమాస్తా చెప్పిందీ కాదు.

"అచ్చరాలు కూడ నేర్చుకోరాదే నాయినా" అన్నాను.

"నువ్వున్నవ్ గద బి.ఎ. సాబ్" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

మర్నాడు డాక్టరు ఆ కాగితం చూసి, ఇంగ్లీషు తారీకుతో మూడు కొత్త సర్టిఫికెట్లు రాసి, ఆ క్యాలెండరు కాగితం మీద కూడా మొహరు వేసి ఇచ్చాడు. ముగ్గురూ వాటితోనే బండెక్కారు. బొంబాయిలో ఒప్పుకుంటారో లేదో ఎవరికీ తెలియదు. తర్వాతి నాలుగు రోజులూ సూపరింటెండెంటు, నేను తలుపు చప్పుడైతే చాలు ఒకేసారి తలెత్తేవాళ్లం. ఐదో రోజు టెలిగ్రాం వచ్చింది. ఆయన ఒకసారి లోపల చదువుకుని, ఒకసారి పైకి చదివాడు. ముగ్గురూ ఓడెక్కారు. ఓడ కదిలింది.

"గంట సేపు బయటికి వెళ్లొస్తాను సార్" అన్నాను.

"రెండు గంటలు తీసుకో" అన్నాడు.

స్టేషన్లో నాన్న తల మీద పెద్ద ట్రంకు పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నాడు. వెనకాల ఒక పెద్దమనిషి గొడుగుతో తొందరపడుతున్నాడు.

"నాయినా, ముగ్గురూ ఓడెక్కిన్రే."

ఆయన అక్కడే ఆగిపోయాడు, నెత్తిన ట్రంకుతో సహా.

"ఏమైందయ్యా, బండి పోతుంది" అన్నాడు పెద్దమనిషి.

"పోదు సాబ్, ఇంజను ఇంక నీళ్లు తాగుతుంది. జెర ఆగుండ్రి. మా పిలగాడు ముగ్గుర్ని విలాయత్ తోలిచ్చిండు."

"ఎవర్ని, మీ వాళ్లనా?"

"మావోళ్లే" అన్నాడు నాన్న. తర్వాత ట్రంకు కింద నుంచి నా వైపు ఓరగా చూసి, "వచ్చే ఏడు ఎందరు?" అన్నాడు.

"ఐదుగురు" అన్నాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆ రోజు ఎవరినీ అడగాలని కూడా అనిపించలేదు.