చౌడమ్మా అని పిలిస్తే ముగ్గురు లేచారు

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారనే మాటను నేను ఏనాడూ నమ్మలేదు. మా నాయన బత్తలపల్లె పక్కన ఒక చిన్న క్రైస్తవ సంఘంలో ఉపదేశి. పొద్దున వాక్యం చదవనిదే మా ఇంట్లో ఎవరి ముందూ గిన్నె పెట్టేవాళ్లు కాదు. ఎవరైనా దయ్యాన్ని చూశామని చెబితే మా నాయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడు. "సచ్చినోళ్లు దేవుని చేతిలో ఉండారు. మన ఈదుల్లో తిరిగే పని వాళ్లకేముండాది?" అనేవాడు. నా పిల్లలకూ నేను అదే చెప్పి పెంచాను. సండే స్కూలు పిల్లలకు ఇప్పటికీ అదే చెప్తాను.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇంతకాలం పట్టింది.

అనంతపురంలో ఒక ఆసుపత్రిలో, జన్యు పరీక్షలు చేసే ల్యాబులో నేను క్లర్కుని. పరీక్షలు చేసేది నేను కాదు. వచ్చినవాళ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తాను, ట్యూబుల మీద అంటించే స్టిక్కర్లు తీస్తాను, రిపోర్టు టైపు చేసి డాక్టరమ్మ సంతకానికి పెడతాను. సంతకం అయ్యాక కౌంటర్ దగ్గర నిలబడి పేరు పిలుస్తాను. మైకు ఒకటి ఉంది గానీ అది ఎప్పుడో పాడయింది. నా గొంతే మైకు.

మా దగ్గరికి ఎక్కువగా తలసీమియా కోసం వస్తారు. బిడ్డ ఒంట్లో రక్తం సరిగా తయారు కాని జబ్బు అది. నెల నెలా రక్తం ఎక్కిస్తేనే బిడ్డ నిలబడుతుంది. తల్లిలో, తండ్రిలో ఇద్దరిలోనూ ఆ లోపం బయటికి కనపడకుండా ఉంటే బిడ్డకు జబ్బుగా రావచ్చు. మేనరికాలు ఎక్కువైన మా జిల్లాలో ఇట్లాంటి ఇళ్లు చాలా చూశాను. అందుకని కడుపుతో ఉన్నప్పుడే బిడ్డను అంటుకుని ఉండే మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు.

ఈ పనిలో నాకు కష్టమైనది పేర్లు. అవ్వ పోయిన తర్వాత పుట్టిన మనవరాలికి అవ్వ పేరే పెడతారు. ఆ అవ్వకు ఇద్దరు కొడుకులుంటే ఇద్దరి ఇళ్లలోనూ అదే పేరు. ఇంట్లో పెద్దది, చిన్నది అని పిలుచుకుంటారు, ఆధార్ కార్డులో మాత్రం ఒకటే. పోనీ భర్త పేరు చూసి పోల్చుకుందామంటే, పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు చాలామంది ఆ పేరు నోటితో పలకరు. తల వంచుకుని పక్కనున్నవాళ్లను చూసి నవ్వుతారు.

ధర్మవరం నుంచి వచ్చిన ఇద్దరు చౌడమ్మలు అట్లాంటివాళ్లే. అన్నదమ్ముల బిడ్డలు, మగ్గం పని చేసుకునే కుటుంబం. ఇద్దరూ ఒకే కాలంలో కడుపుతో ఉన్నారు. పెద్ద చౌడమ్మ నాకు ముందే తెలుసు. ఆమె కొడుకుకు ఈ జబ్బే. రక్తం ఎక్కించడానికి వాణ్ని చంకనేసుకుని ప్రతి నెలా వచ్చేది. బడికి పోయే ఈడు రాకముందే వాడు పోయాడు. చిన్న చౌడమ్మకు ఇది మొదటి కాన్పు. ఆమెకు, భర్తకు రక్తం చూస్తే ఇద్దరిలోనూ ఆ లోపమే బయటపడింది. వాళ్లను తీసుకొచ్చేది చిన్న చౌడమ్మ తండ్రి రామాంజి. పెద్ద చౌడమ్మకు ఆయన చిన్నాయన.

ముక్క తీసిన రోజు పెద్ద చౌడమ్మ నా కౌంటర్ దగ్గరికి వచ్చి, "అక్కా, ఈ తూరి గూడా అదే జబ్బయితే తీపిచ్చేసుకోని, ఆపరేషన్ చేయించుకుంటా. ఇంగ సాలు. ఇంగో బిడ్డను పూడ్చేకి నా శాత కాదు" అంది. ఆమె కోసం ప్రార్థన చేస్తానని చెప్పాను. చేశాను కూడా.

రిపోర్టులు వచ్చిన రోజు మంచి ఎండ. మధ్యాహ్నం భోజనాల వేళ. కరెంటు పోయి జనరేటర్ మీద ఫ్యాన్లు నీరసంగా తిరుగుతున్నాయి. రెండు రిపోర్టులూ నేనే టైపు చేశాను కాబట్టి వాటిలో ఏముందో నాకు తెలుసు. పెద్ద చౌడమ్మ కడుపులో బిడ్డకు జబ్బు ఉంది. చిన్న చౌడమ్మ బిడ్డకు లేదు. పెద్దామె కవరు పైన పెట్టుకుని, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థించి, "చౌడమ్మా" అని పిలిచాను.

ముగ్గురు లేచారు.

ముందు వరుస కుర్చీల్లోంచి పెద్దామె, చిన్నామె. వెనక గోడ పక్కన ఒక ముసలామె. తెల్లటి జుట్టు, పైట కుడి భుజం మీద వేసుకుంది. కమ్మలు లేవు, చెవి తమ్మెలు కిందికి సాగి ఉన్నాయి. ఎడమ చెయ్యి కడుపుకు ఆనించుకుని ఉంది, ఆ చేతి చూపుడు వేలు పక్కకు వంగి ఉంది. పేరు పిలిస్తే మామూలుగా మనిషి ఎట్లా లేస్తుందో అట్లాగే లేచింది. నాకు భయం వేయలేదు, విసుగు వేసింది. మూడో చౌడమ్మ కూడా ఉందా, ఆమె రిపోర్టు ఏమైంది అనుకున్నాను. ముగ్గురినీ కూర్చోమని చెయ్యి చూపించి, కవర్లు పట్టుకుని లోపలికి పోయాను.

టెక్నీషియన్ కవిత టిఫిన్ డబ్బా విప్పుతోంది. మూడో చౌడమ్మ రిపోర్టు ఏదమ్మా అని అడిగాను.

"మూడోదేంది మేడం, ఇద్దరే గదా! ఈ పొద్దు గూడా ఉపవాసమా? నీళ్లన్నా తాగుండ్రి, ఒకరు ఇద్దరుగా కనపడతాండారు మీకు" అని నవ్వింది.

కంప్యూటర్లో చూశాను. ఇద్దరే. ఈ మాటలు పక్క గదిలో ఉన్న డాక్టరమ్మ చెవిన పడ్డాయి. రిపోర్టుల మీద ఆవిడ వేరు వేరు సమయాల్లో సంతకం చేసింది, ఒకే పేరు అని గమనించలేదు. ఇద్దరికీ ముక్క తీసింది ఒకే రోజునా అని అడిగింది. ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరికి అన్నాను. ఆవిడ చెయ్యి కడుక్కుని బయటికి వచ్చి, ఆ పొద్దు లోపలికి ముందు ఎవరు పోయారని వాళ్లనే అడిగింది.

"ముందు నన్నే రమ్మనిరి మేడం," అంది పెద్ద చౌడమ్మ. "చిన్నది బయంతో వాంతి చేసుకుంటాండె. ముందు దానికే కానీలే అని దాన్ని లోపలికి పంపిస్తి. చౌడమ్మేనా అని నర్సమ్మ అడిగిందంట, అవునని చెప్పిందంట. నేను ఎనక పోతి. ఏమన్నా తప్పా మేడం?"

తప్పని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? చెల్లెలు భయపడుతుంటే ముందు పంపించింది, అంతే. కానీ ట్యూబులకు స్టిక్కర్లు అంతకుముందే, పిలిచే వరసలో అంటించి పెట్టారు.

డాక్టరమ్మ రెండు కవర్లూ నా చేతిలోంచి తీసుకుంది. మళ్లీ చూడాల్సి ఉంది, కబురు చేస్తాం, అప్పటిదాకా ఏ ఆసుపత్రికీ పోవద్దు అని వాళ్లకు గట్టిగా చెప్పింది.

అప్పుడు నాకు ముసలామె గుర్తొచ్చింది. వెనక గోడ దగ్గర ఎవరూ లేరు. "మీతో వచ్చిన అవ్వ యాడికి పోయింది?" అని అడిగాను.

"ఏ అవ్వక్కా? మాతో మా నాయనొక్కడే వచ్చినాడు" అంది చిన్న చౌడమ్మ.

వెనక వరుసలో విడపనకల్లు నుంచి వచ్చిన ఒక తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆమెను అడిగాను. "ముసలామెనా? కూచుంటాదేమోనని నా సంచి తీసి కింద పెడితి. కూచోలేదు. గోడకానుకొనే ఉండె. ఎప్పుడు పోయిందో సూల్లేదక్కా" అంది. కాబట్టి ఆ మనిషి నా కంటికి మాత్రమే కనపడిందని నేను చెప్పుకోలేను. ఆసుపత్రికి రోజూ ఎంతోమంది ముసలివాళ్లు వస్తారు. ఆ పేరుగల ఎవరో అవ్వ, ఇంకే పని మీదో వచ్చి, పేరు విని లేచి ఉండొచ్చు. ఆ సాయంత్రం ఓపీ కంప్యూటర్లో వెతికాను. చౌడమ్మ పేరుతో ఆ రోజు ఈ ఇద్దరు తప్ప ఎవరూ లేరు.

నేను అవ్వ కోసం అడగడం విని, ఆమె ఎట్లా ఉందో చెప్పమని రామాంజి అక్కడే అడిగాడు. చెప్పాను. వేలి సంగతి చెప్పేసరికి ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు.

"మా యమ్మ" అన్నాడు. "ఆ వేలు మగ్గం కాడ ఇరిగింది. ఈ బిడ్డలు పుట్టకముందే పాయె. దాని పేరే గదా ఇద్దరికీ పెట్టుకుంటిమి."

ఇద్దరు చౌడమ్మలూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆ గోడను చూశారు. వాళ్లు ఆ అవ్వను ఎన్నడూ చూడలేదు.

వాళ్ల రక్తం అంతకుముందే తీసి పెట్టి ఉంది. ఆ రక్తంతో పోల్చి చూస్తే ఏ ముక్క ఏ తల్లిదో తెలుస్తుంది. అనుమానం వస్తేనే మా దగ్గర ఆ పరీక్ష చేస్తారు. చేశారు. తారుమారు అయిన మాట నిజమే. పెద్ద చౌడమ్మ బిడ్డ బాగుంది. జబ్బు ఉన్నది చిన్న చౌడమ్మ బిడ్డకు.

డాక్టరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచి చెప్పింది. బయటికి వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ఎవరు దేనికి ఏడుస్తున్నారో నేను విడదీసి చెప్పలేను. తర్వాత చిన్న చౌడమ్మ ఇంట్లోవాళ్లు ఆలోచించుకుని గర్భం తీయించారు. పెద్ద చౌడమ్మకు ఆడపిల్ల పుట్టింది.

నేను నా సంఘ కాపరితో ఈ విషయం చెప్పాను. దేవదూత అయి ఉంటుందమ్మా, స్తోత్రం చెప్పుకో అన్నారు. చెప్పుకున్నాను. కానీ దేవదూత చౌడమ్మ అనే పేరుకు ఎందుకు లేస్తుంది? పోనీ మోసం చేసే దురాత్మ అనుకుందామంటే, దురాత్మ ఒక బిడ్డ ప్రాణం ఎందుకు కాపాడుతుంది? దేవుడు పేరు పెట్టి పిలిచిన దినాన మృతులు లేస్తారని నమ్మే మనిషిని నేను. ఆ మధ్యాహ్నం పిలిచింది దేవుడు కాదు. కౌంటర్ దగ్గర కవరు పట్టుకుని నేను పిలిచాను.

పై సంవత్సరం చిన్న చౌడమ్మ మళ్లీ కడుపుతో వచ్చింది. రిపోర్టు రోజు నేను పేరు పిలవకముందే కౌంటర్ దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో, "అక్కా, నేను ముందర కూచుంటా. నాకు ఎనక కనపడదు. నువ్వు పిల్సినప్పుడు బాగా సూడు" అని చెప్పి పోయి కూర్చుంది.

పిలిచాను. ఆమె ఒక్కతే లేచింది. నేను గోడ వెంబడి ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాను. వెనక వరుసలో నిద్రపోతున్న ఒక మొగాయన తప్ప ఎవరూ లేరు.

ఆమె వచ్చి కవరు తీసుకుంది, విప్పలేదు. "లేసిందా?" అని అడిగింది.

లేదని చెప్పాను. నేను అబద్ధం ఆడను.

రిపోర్టులో బిడ్డకు ఆ జబ్బు లేదు. అది డాక్టరమ్మ చెప్పాలి, నేను చెప్పకూడదు. కానీ ఆమె ముఖం చూసి ఆగలేక, "అంతా బాగుండాదమ్మా, భయపడొద్దు" అనేశాను. ఆమె విన్నదో లేదో. కవరును పైట చెంగులో చుట్టుకుంటూ, "పెద్దదానికైతే లేసె గదక్కా" అంది. "నాదీ ఆ యవ్వ పేరే గదా."

ఆ మాటే ప్రార్థనలో అడిగాను, జవాబు రాలేదు. ఆ పొద్దు ఎవరు లేచారో, లేస్తే ఒక మనవరాలి కోసమే ఎందుకు లేచారో నాకు తెలియదు. ఉద్యోగం అదే చేస్తున్నాను. పేర్లు పిలుస్తున్నాను. పిలిచాక తల ఎత్తి చూడడానికి మాత్రం ఇప్పుడు కొంచెం సేపు పడుతుంది.