నేను పక్కకు జరగమన్న ఆవిడ

ముందే చెబుతున్నాను, దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళు మంట. భయం కాదు, మంటే. ఫోటో స్టూడియో నడిపేవాడి జీవితంలో సగం చీకటి గదిలోనే గడిచిపోతుంది. ఎర్ర బల్బు వెలుతురులో, మందునీళ్ళ వాసనలో, తలుపు గడియ పెట్టుకుని ఒక్కణ్ణే ఏళ్ళ తరబడి పనిచేశాను. అక్కడ నాకు ఎదురైనవి ఎలుకలు మాత్రమే.

ఎవరైనా ఫోటో పట్టుకొచ్చి, ఇందులో మా వెనకాల ఎవరో నిలబడ్డారు చూడండి అంటే, ఒకే ఫిల్ము మీద రెండు బొమ్మలు పడ్డాయనో, లెన్సుకి మరక అంటిందనో చెప్పి పంపించేసేవాణ్ణి. ఓపిక లేని రోజున విసుక్కునేవాణ్ణి కూడా. ఇప్పుడు నేను చెప్పేది చదివి మీరు విసుక్కుంటే నేనేమీ అనుకోను.

ఇది బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో జరిగింది. ఎనభైల చివర్లో. మా పేట సుభాష్‌పల్లి. మా నాన్న బజారులో పెట్టిన స్టూడియో అప్పటికి నా చేతికి వచ్చింది. ఊళ్ళో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు చాలావరకు నేనే తీసేవాణ్ణి. మేం హిందువులమే అయినా, రైల్వేలో పనిచేసే తెలుగు క్రైస్తవ కుటుంబాల పెళ్ళిళ్ళంటే నాకు ఇష్టం. పగలే అయిపోతాయి. పొగ ఉండదు. అందరూ వరసగా నిలబడమంటే నిలబడతారు, అది అన్నిటికన్నా పెద్ద సుఖం.

దానియేలు గారు రైల్వే వర్క్‌షాపులో చార్జ్‌మన్, కొంతమంది పనివాళ్ళ మీద అజమాయిషీ ఆయనది. కూతురు గ్రేస్ పెళ్ళి ఫోటోల గురించి మాట్లాడడానికి ఆయనే స్టూడియోకి వచ్చారు. చర్చిలో పెళ్ళి, తర్వాత రైల్వే ఆఫీసర్ల క్లబ్బులో టీ పార్టీ అన్నారు. నేను కాస్త ఆశ్చర్యపోయాను. దొరల కాలంనాటి క్లబ్బు అది. పెద్ద లాను, చెక్క నేల ఉన్న హాలు, ముందు వెడల్పాటి మెట్లు, తెల్లటి స్తంభాల పోర్టికో. మనలాంటివాళ్ళు దాన్ని బయటి కంచె దగ్గర నిలబడి చూడడమే. ఈయన తన పై ఆఫీసరు చేత సిఫారసు చేయించి, నెలల తరబడి తిరిగి సంపాదించారట.

ఎందుకంత పట్టు అని అడిగాను. ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పారు.

"మా ఇంటిది సిన్నప్పుడు ఆళ్ళమ్మతో ఆ కంచె కాడికొచ్చేది బాబూ. ఆళ్ళమ్మ ఓ దొరగారింట్లో ఆయా. ఆ మెట్ల మీద దొరల పెళ్ళి ఫోటోలు తీస్తుంటే ఇద్దరూ నిలుసుని సూసేవోరు. మనకి కూతురు పుడితే ఆ మెట్ల మీద నిలబెట్టి, పక్కన మనం నిలుసుని ఫోటో తీయించుకోవాలి అని పెళ్ళైన కొత్తలో అన్నాది. ఇప్పుడు అదే రాలేకపోతన్నాది."

ఆవిడ పేరు ఎస్తేరమ్మ. అప్పటికి కొన్ని నెలలుగా ఆసుపత్రిలో ఉన్నారు. మంచం దిగే పరిస్థితి లేదు. పెళ్ళి వాయిదా వేద్దామంటే, ఆనవాయితీ ప్రకారం చర్చిలో మూడు ఆదివారాలూ పెళ్ళి ప్రకటన చదివేశారు. పెళ్ళికొడుకు విక్టర్‌ది చక్రధర్‌పూర్, మళ్ళీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. పైగా ఆవిడే ఆపొద్దన్నారట. ఆపితే నేను చూడకుండానే పోతాను అన్నారట.

అందుకని ఇద్దరం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. క్లబ్బులో టీ పార్టీ కాగానే, సాయంత్రం రోగుల్ని చూడ్డానికి వదిలే వేళకి పెళ్ళికూతుర్ని, పెళ్ళికొడుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళడం. నేను కొంచెం ముందుగా వెళ్ళి వార్డులో వెలుతురు చూసుకుని, ఫ్లాష్ సిద్ధం చేసుకుని ఉండడం. మంచం పక్కన ఒక ఫోటో. మెట్ల మీద కాకపోయినా, కూతురి పక్కన ఆవిడ ఉన్న ఫోటో ఒకటైనా ఉంటుంది కదా అని ఆయన ఆశ.

నేను ఎస్తేరమ్మ గారిని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. వాళ్ళింటికి కూడా వెళ్ళలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పెళ్ళిరోజు మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. చర్చిలో పని అయ్యాక అందరూ క్లబ్బుకి వచ్చారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, వర్క్‌షాపులో ఆయనతో పనిచేసే హిందీవాళ్ళు, అందరూ కలిసి లాను నిండిపోయింది. ఇలాంటి చోట గ్రూపు ఫోటో తీయడమంటే పశువుల సంతలో పనే. ఇంటివాళ్ళని పిలిస్తే ఇరుగుపొరుగు వచ్చి నిలబడతారు, ఇరుగుపొరుగుని పిలిస్తే బ్యాండువాళ్ళు వచ్చి నిలబడతారు. అందుకని నేను గొంతు చించుకుని అరుస్తూ ఉంటాను. ముందు అమ్మాయి ఇంటివాళ్ళు, తర్వాత అబ్బాయి ఇంటివాళ్ళు, తర్వాత చర్చివాళ్ళు, ఆ తర్వాతే మిగతా జనం. ఆ వరస తప్పితే నాకు పిచ్చి కోపం వస్తుంది. ఊళ్ళో నాకు కేకల ఫోటోవాడని పేరు కూడా ఉంది.

అమ్మాయి ఇంటివాళ్ళని మెట్ల మీద నిలబెట్టాను. తెల్ల చీర, తలమీద ముసుగు, చేతిలో పువ్వులతో గ్రేస్. పక్కన విక్టర్. ఇటువైపు దానియేలు గారు, ఆ పక్కన ఆయన అన్నయ్యా, వదినా. కెమెరాలో కన్ను పెట్టి చూస్తే, గ్రేస్‌కీ దానియేలు గారికీ మధ్య ఇంకొకావిడ నిలబడి ఉంది.

తెల్లటి చీర. మోచేతుల దాకా జాకెట్టు. బొట్టు లేదు. లావుపాటి అద్దాల కళ్ళజోడు, దాని ఒకవైపు కాడ విరిగితే నల్లదారంతో కట్టి ఉంది. చూడగానే చర్చిలో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే బైబిల్ ఉమన్ అనుకున్నాను. వాళ్ళు అలాగే ఉంటారు. మాలాంటి ఇళ్ళలో పెరిగినవాడికి పెళ్ళిలో తెల్లచీర కట్టి, బొట్టు లేకుండా నిలబడ్డావిడ ముత్తైదువ కావచ్చన్న ఆలోచనే రాదు. పెళ్ళికూతురు కూడా తెల్లచీరే కట్టిందన్న సంగతి కళ్ళముందు ఉన్నా సరే, రాదు.

కెమెరా దించి, గట్టిగానే అన్నాను.

"అమ్మా, ఇది ఇంటోళ్ళ ఫోటో. మీరు కూసింత పక్కకి జరగండి. సర్చోళ్ళది తరవాత తీస్తాను."

ఆవిడ నావైపు చూసింది. కోపం లేదు, ఏమీ లేదు. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని మెట్లు దిగి, నా ఎడమవైపుకు వచ్చి నిలబడింది. నేను మళ్ళీ కెమెరాలో చూసి, దగ్గరకి జరగండి అని అరిచి, ఫోటో తీశాను. నేను ఎవరితో మాట్లాడానని ఎవరూ అడగలేదు. ఆ రోజంతా నేను అందరి మీదా అరుస్తూనే ఉన్నాను కదా.

చర్చివాళ్ళని పిలిచినప్పుడు ఆవిడ రాలేదు. నేనూ వెతకలేదు.

తర్వాత కేకు కోస్తారని అందరూ లానులోకి వెళ్ళిపోయారు. నేను మెట్ల కింద ఫిల్ము మార్చుకుంటున్నాను. తలెత్తితే పోర్టికోలో దానియేలు గారు ఒక్కరే ఉన్నారు. స్తంభం వైపు తిరిగి, కళ్ళజోడు తీసి, మెడలో టై కొసతో కళ్ళు తుడుచుకుంటున్నారు. భుజాలు కదులుతున్నాయి. నన్ను చూడలేదు. మంచి వెలుతురు, తెల్ల స్తంభం, నల్ల సూటు. అలాంటి ఫోటో మళ్ళీ దొరకదు. కెమెరా ఎత్తాను కూడా. కానీ మనసు ఒప్పలేదు. దించేసి లానులోకి వెళ్ళిపోయాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పేది కూడా కాదు.

టీ అయ్యాక, అనుకున్నట్టే నేను స్కూటరు మీద ముందు బయల్దేరాను. క్లబ్బు నుంచి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఆడవాళ్ళ వార్డు బయట డ్యూటీలో ఉన్న బెంగాలీ సిస్టర్‌కి ముందే చెప్పి ఉంచారు. ఆవిడ చివరి మంచం చూపించింది.

మంచం మీద ఎముకల గూడులాంటి మనిషి. చేతికి సెలైన్ సూది. జుట్టు కత్తిరించేశారు. కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను చప్పుడు చేయకుండా కిటికీ వెలుతురు చూసుకుంటున్నాను. మంచం పక్కన చిన్న బల్ల మీద మందుసీసాలు, బైబిలు, కళ్ళజోడు ఉన్నాయి. కళ్ళజోడు ఒకవైపు కాడకి నల్లదారం కట్టి ఉంది.

అది చూసి కూడా నాకు వెంటనే ఏమీ తట్టలేదు. ఎక్కడో చూశానే అనుకున్నాను, అంతే. ఇంతలో ఆవిడ కళ్ళు తెరిచి, తడుముకుని కళ్ళజోడు పెట్టుకుని, నన్ను చూశారు.

"కేకల బాబువి నువ్వే కదేటి," అన్నారు.

దానియేలు గారు చెప్పి ఉంటారులే అనుకుని నవ్వాను. ఆవిడ కూడా కొంచెం నవ్వారు.

"నన్ను పక్కకి జరగమన్నావు. ఇంటిదాన్నే బాబూ అందామనుకున్నాను. సరే, నీ పని నీది, అని దిగొచ్చేసినాను."

  పక్క మంచం దగ్గరున్న స్టూలు మీద కూలబడ్డాను. అదే ముఖం. బుగ్గలు పీక్కుపోయాయి, జుట్టు లేదు, కానీ అదే ముఖం, అవే అద్దాలు.  ఆవిడ నా అవస్థ చూసి జాలిపడినట్టు, మంచం మీదున్న చెయ్యి కొంచెం కదిపారు.

"నువ్వు జరగమన్నా నానెల్లిపోలేదు. నీ పక్కనే నిలుసుని అంతా సూసినాను. ఆయన టైతో కళ్ళు తుడుసుకున్నప్పుడు నువ్వు ఫోటో తియ్యబోయి మానేసినావు. మంచి పని సేసినావు బాబూ. ఆయనికి సిగ్గు."

 అక్కడినుంచి లేచి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తకపోవడానికి కారణం ధైర్యం కాదు, ఇంకా ఫోటో తీయాల్సిన పని ఉండడమే.

ఎలాగో బయటికి వచ్చి సిస్టర్‌ని అడిగాను, ఈవిడని మధ్యాహ్నం ఎక్కడికైనా తీసుకెళ్ళారా అని. సిస్టర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. మధ్యాహ్నం సూది ఇచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నిద్రలోనే ఉన్నారనీ, తను ఆ వార్డు వదిలి కదల్లేదనీ, ఆవిడ నేలమీద కాలు పెట్టి నెలలైందనీ చెప్పింది. ఎవరైనా వచ్చి మాట్లాడారా అంటే, ఎవరూ రాలేదంది. మధ్యలో "ఏమైంది దాదా, నీళ్ళు తాగుతారా?" అని కూడా అడిగింది. నా ముఖం అలా ఉందన్నమాట.

గ్రేస్, విక్టర్, దానియేలు గారు వచ్చారు. తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. గ్రేస్ తన పువ్వులు ఆవిడ పక్కన పెట్టింది. నేను ఫోటో తీశాను. బొమ్మ కొంచెం చెదిరింది. మంచం కమ్మీ, సెలైన్ సీసా, వాటి మధ్య పెళ్ళికూతురు. ఆవిడ కోరుకున్న ఫోటో అది కాదు.

తర్వాత నేను చేయగలిగినంత ఆరా తీశాను. చర్చి బైబిల్ ఉమన్ ఎవరో కనుక్కున్నాను. పొట్టిగా, బొద్దుగా ఉన్న మనిషి, చర్చివాళ్ళ ఫోటోలో అంచు చీరతో స్పష్టంగా ఉంది. ఆ రోజు తీసిన రీళ్ళన్నీ కడిగి, ఒక్కొక్క బొమ్మా భూతద్దం పెట్టి చూశాను. దారం కట్టిన కళ్ళజోడు ఎక్కడా లేదు. పోనీ ఎవరో బంధువు అలా ఉండి ఉంటుంది, నేను పొరబడ్డాను అనుకుందాం. నేను జరగమన్న సంగతి ఆవిడకెలా తెలుసు? నేను తీయని ఫోటో సంగతి ఎలా తెలుసు?

ఆల్బం తయారయ్యేలోపే ఎస్తేరమ్మ గారు పోయారు. సమాధి కార్యక్రమానికి వెళ్ళి, జనం వెనక నిలబడి వచ్చేశాను. 

కొన్నాళ్ళకి దానియేలు గారు ఆల్బం కోసం వచ్చారు. స్టూడియోలో ఇంకెవరూ లేరు. ఆల్బం తెరవకుండా బల్ల మీద పెట్టి, దానిమీద చెయ్యి ఉంచి అడిగారు.

"నువ్వేటీ అనుకోకు బాబూ. ఆసుపత్రికి ముందెల్లింది నువ్వే కదా, క్లబ్బులో నాను ఏడ్సినానని మా ఇంటిదానికి నువ్వు సెప్పినావా? పోయేముందు అన్నాది, అలా ఏడవకు, టై పాడైపోద్ది అని."

లేదని చెప్పాను. ఆవిడే నాకు చెప్పారని చెప్పాను. మెట్ల మీద చూసింది, జరగమన్నది, ఆవిడ దిగి రావడం, వార్డులో అన్న మాటలు, అన్నీ చెప్పాను. ఆయన నన్ను తిడతారనుకున్నాను. అబద్ధం అంటారనుకున్నాను. ఆయన చెమట పట్టిన చేతిని ప్యాంటుకి తుడుచుకుని, ఆల్బం తెరిచి, మెట్ల ఫోటో ఉన్న పేజీ తీశారు.

"ఎక్కడ నిలుసుంది?"

ఆయనకీ గ్రేస్‌కీ మధ్య వేలు పెట్టి చూపించాను. ఫోటోలో అక్కడ ఖాళీ లేదు. నేనే దగ్గరకి జరగండి అని అరిచి జరిపించాను.

"ఆవిడ దిగకముందు ఓటి తీసినావా బాబూ?" అని అడిగారు.

"లేదు బాబాయ్. నొక్కలేదు," అన్నాను.

ఆయన తల ఊపి, ఆల్బం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నేను ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. పైగా ఆ మధ్యాహ్నం ఆవిడ బతికే ఉన్నారు కాబట్టి అది దయ్యం కూడా కాదు.  కెమెరాలో ఆవిడ నాకు స్పష్టంగా కనిపించారు, నా వేలు మీట మీదే ఉంది. అప్పుడే నొక్కి ఉంటే ఫిల్ము మీద ఆవిడ పడేవారో, ఉత్త మెట్టు పడేదో నాకు తెలీదు. ఇక తెలుసుకునే దారి కూడా లేదు.